ఫోన్ అమ్మకి కాదు, నాన్నగారికి చెయ్యి

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని సెప్టెంబరులో ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడ పీజీసీఈ, అంటే ఏడాది టీచర్ ట్రైనింగ్ కోర్సు చేస్తున్నాను. అక్టోబరు నుంచి ఒక సెకండరీ స్కూల్లో టీచింగ్ ప్రాక్టీస్. ఐదున్నరకి లేచి, రెండు బస్సులు మారి బడికి వెళ్తాను. సాయంత్రం నాలుగింటికే చీకటి. గదికొచ్చి కుక్కర్ పెట్టుకుని, ఒక్కదాన్నే తిని, లెసన్ ప్లాన్లు రాసుకుంటూ ఏడుస్తాను. రోజూ అమ్మతో గంటసేపు మాట్లాడితే గానీ నిద్ర పట్టదు. మొన్న ఇయర్ ఎయిట్, అంటే పన్నెండు పదమూడేళ్ల పిల్లలకి సర్క్యూట్లు చెబుతుంటే సగం బల్బులు వెలగలేదు. పిల్లలు నా యాసని వెక్కిరిస్తూ గోల చేశారు. వెనక కూర్చున్న మెంటర్ లేచి వచ్చి క్లాసు అందుకుంది. అప్పుడు నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే వినలేదని, నేను వచ్చినప్పటి నుంచీ నాతో సరిగా మాట్లాడరు. అమ్మ స్పీకర్ పెడితే పక్కనుంచి వింటారట. ఈ బెంగ ఎలా పోగొట్టుకోవాలి? క్రిస్మస్ సెలవులకి వచ్చేసి, మళ్లీ వెళ్లకపోతే తప్పా?

జవాబు: నా కూతురి ఈడుదానివి, నువ్వు అనే రాస్తాను.

బెంగ గురించి నేను ఎక్కువ చెప్పేదేమీ లేదు. చీకట్లో బయల్దేరి చీకట్లో ఇల్లు చేరే నెలల్లో, ఒక్క మనిషికి కుక్కర్ పెట్టుకుంటే ఎవరికైనా దిగులే. శనివారాలు పక్క గదుల అమ్మాయిలతో కలిసి వండుకో. పగటి వెలుతురు ఉండగా కాసేపు నడు. పగలు కూడా ఏడుపు ఆగకపోయినా, వారాల తరబడి నిద్ర లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు వైద్యం కోసం ముందే కట్టించుకున్నారు కదా, మొహమాటం దేనికి? యూనివర్సిటీలో నీ ట్యూటర్‌కి కూడా చెప్పు. బెంగ సంగతి ఇంతే.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒక్క వాక్యం. క్లాసు చెయ్యి జారిపోయినప్పుడు నీకు నాన్నగారు గుర్తొచ్చారు. అమ్మ కాదు, ఇల్లు కాదు, గోంగూర పచ్చడి కాదు. ఆ సంగతి ఇప్పటిదాకా ఆయనకి చెప్పలేదు. నాకు తెలిసి అమ్మకి కూడా సగమే చెప్పి ఉంటావు. సర్క్యూట్ గొడవ అమ్మకేం అర్థమవుతుంది అనుకుని, "ఇక్కడ బాలేదమ్మా" అని ఏడ్చి ఉంటావు.

ఇంకో లెక్క చూడు. అక్టోబరు ఆఖర్లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక మనకీ మీకూ ఐదున్నర గంటల తేడా. సాయంత్రం ఐదున్నరకి నువ్వు గది చేరి ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి పదకొండు. రిటైరైన మాస్టారు ఆ వేళకి ఎప్పుడో ఒక రోజు తప్ప మేలుకుని ఉండరు. అదే నువ్వు పొద్దున ఆరున్నరకి బస్టాపులో నిలబడినప్పుడు ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు. ఆయన వసారాలో పేపరు ముందు కూర్చుని ఉంటారు. ఆయన మేలుకుని ఉండే వేళ వదిలేసి, ఆయన పడుకునే వేళే చూసుకుని నువ్వు ఫోన్ చేస్తున్నావు. కావాలని కాకపోవచ్చు, కానీ రోజూ అదే జరుగుతోంది.

మధ్యలో అమ్మ. పదకొండింటికి నీ ఏడుపు విని ఆవిడ ఎన్నింటికి కన్ను మూస్తుందో ఎప్పుడైనా అడిగావా? పొద్దున ఆయన "ఏమంటోంది?" అని పేపరు దించకుండా అడుగుతారు. "బాగానే ఉందండీ" అని ఈవిడ చెబుతుంది. నీ దగ్గర ఆయన కోపాన్ని తగ్గించి చెబుతుంది, ఆయన దగ్గర నీ కష్టాన్ని తగ్గించి చెబుతుంది. ఈ వయసులో ఆవిడకి ఈ రాయబారం అవసరమా? తల్లిని ఇలా వాడుకోవడం నాకు నచ్చదు. ఆయన వాడుకున్నా నచ్చదు, నువ్వు వాడుకున్నా నచ్చదు.

మీ నాన్నగారికి ఎందుకు కోపమో నీకు నిజంగా తెలుసా? మాట వినకుండా విదేశం వెళ్లావని అనుకుంటున్నావు. నాకలా అనిపించడం లేదు. ఎమ్మెస్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఉంటే ఆయనే నలుగురికీ చెప్పుకునేవారు. నువ్వు ఎంచుకున్నది ఆయన జీవితమంతా చేసిన పని. కూతురు మాస్టారి ఉద్యోగమే చేస్తానంటే ఆ తండ్రికి పండగే. కానీ ఆ పని నేర్చుకోవడానికి అప్పు చేసి దేశం దాటావు, ఇంట్లో ఉన్న మాస్టారిని ఒక్క మాట అడగలేదు. పైగా 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. నీకు బీఈడీ లేదు కాబట్టి నువ్వు ఎలాగూ రాయలేవు, అది ఆయనకీ తెలుసు. అయినా పేపర్లో ఆ అంకె కనిపించినప్పుడల్లా ఆయన కడుపులో తిప్పి ఉంటుంది.

అలాగని తప్పంతా నీ మీద వెయ్యను. పెళ్లీడుకొచ్చిన కూతురితో మాట్లాడకుండా, భార్య ఫోన్ పక్కన కూర్చుని వినడం పెద్దరికం అనిపించుకోదు. పాతికేళ్ల పిల్ల తన లోన్ తాను తీర్చుకుంటానని బయల్దేరితే దాన్ని ధిక్కారం అనుకోవడం కూడా ఆయన పొరపాటే. అందుకే నిన్ను క్షమాపణ అడగమని చెప్పను, అడగొద్దు కూడా. నువ్వు వెళ్లడంలో తప్పేం లేదు.

మరి మొదటి ఫోన్ నువ్వెందుకు చెయ్యాలి? ఆయన తండ్రి కాబట్టి, అదొకటి. రెండోది, ఇప్పుడు ఆయనతో పని ఉన్నది నీకే.

శనివారం పొద్దున నిద్ర లేవగానే నేరుగా ఆయన నంబరుకి చెయ్యి. అమ్మకి ముందుగా చెప్పకు, చెబితే ఆవిడ రంగం సిద్ధం చేసేస్తుంది. భోజనం అయిందా, బీపీ మాత్ర వేసుకున్నారా అని మొదలుపెట్టావంటే "ఆ, ఆ" అని అమ్మకి ఇచ్చేస్తారు. ఎత్తగానే, "నాన్నా, ముప్ఫై మంది పిల్లల ముందు సగం బల్బులు వెలగలేదు, ఎక్కడ తప్పు చేశాను?" అని అడుగు. నాకు సైన్సు రాదు గానీ, మాస్టారు ఏం అడుగుతారో ఊహించగలను. ముందురోజు ప్రతి బల్బూ ఒక సెల్‌తో వెలిగించి చూశావా? హోల్డర్లో బిగిశాయా? పైకి బాగానే కనిపించే తీగ లోపల తెగిందేమో చూశావా? బల్బు వెలగని బల్లల దగ్గర పిల్లలకి ఏం పని ఇచ్చావు? టార్చి సెళ్లు, పాత తీగలు పెట్టి అరవై మందికి పాఠం చెప్పి ఉంటారు ఆయన. సామాను మొండికేసినప్పుడు క్లాసుని ఎలా పట్టుకోవాలో ఆయనకి తెలిసినంత మీ మెంటర్‌కి తెలుసో లేదో.

"మీ ఇంగ్లండు పద్ధతులు నాకేం తెలుసు" అని ముక్తసరిగా పెట్టేయొచ్చు కూడా. పెట్టేస్తే బాధపడకు. ఆ సాయంత్రం నీ లెసన్ ప్లాన్ ఫొటో తీసి, ఏమీ రాయకుండా ఆయన వాట్సాప్‌కి పంపు. మర్నాడు తప్పులు పట్టి పంపకపోతే అప్పుడు నన్నడుగు.

యాస సంగతి ఒక ముక్క. పిల్లలు మాస్టార్లని వెక్కిరించని బడి ఈ భూమ్మీద లేదు. మీ నాన్నగారి నడకని వెనక నుంచి అనుకరించని బ్యాచ్ ఒక్కటైనా ఉండి ఉంటుందా? అదీ అడుగు, ఆయన నవ్వితే సగం పని అయినట్టే. మెంటర్ క్లాసు అందుకోవడం కూడా నీకు పరువు తక్కువేం కాదు, ఆవిడ వెనక కూర్చునేదే అందుకు. ఆయన చెప్పినట్టు బీఈడీలో చేరి ఉన్నా టీచింగ్ ప్రాక్టీసులో ఏదో ఒక రోజు ఇదే జరిగేది.

ఇక మానేసి రావడం. మీ కోర్సులో కనీసం 120 రోజులు బడిలో గడపాలి, అదీ కనీసం రెండు వేర్వేరు బళ్లలో. అంటే ఇప్పుడు నిన్ను ఏడిపిస్తున్న క్లాసు ఏడాదంతా నీ నెత్తిన ఉండదు. కోర్సు వదిలేస్తే ఆ మాట యూనివర్సిటీ అక్కడ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకి చెప్పక తప్పదు, వీసా గడువు కుదించేస్తారు. కాబట్టి కొన్నాళ్లు ఇంట్లో ఉండి, మనసు కుదుటపడ్డాక మళ్లీ వెళ్దాంలే అనుకుంటే కుదరదు. ఆరోగ్యం నిజంగా బాలేకపోతే కోర్సుకి కొంతకాలం విరామం ఇస్తారేమో ట్యూటర్‌ని అడుగు. లోన్ వాయిదాల సంగతి నేను చెప్పక్కర్లేదు. వీటన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు మానేసి వస్తే మీ నాన్నగారి మాట నెగ్గుతుంది. నెగ్గినందుకు ఆయన సంతోషిస్తారనుకోకు. క్లాసుకి భయపడి వచ్చేసిన టీచర్ని ఇంట్లో పెట్టుకుని ఆ మాస్టారు ఇంకా మూగబోతారు.

అమ్మతో రోజూ గంట మాట్లాడటం ఇవాళ్టి నుంచే తగ్గించు. పావుగంట చాలు, అదీ నువ్వు పొద్దున బస్సులో ఉన్నప్పుడు, ఆవిడ మేలుకుని ఉన్నప్పుడు. రాత్రి ఆవిణ్ణి పడుకోనివ్వు.

టికెట్ ఇంకా కొనకపోతే క్రిస్మస్‌కి రావద్దనే నేనంటాను. డిసెంబరులో ధరలు మండిపోతుంటాయి, పైగా ఇప్పుడున్న మనసుతో వస్తే నువ్వు రిటర్న్ టికెట్ వాడవు. ఈస్టర్‌కి బళ్లకి రెండు వారాలు సెలవులుంటాయి, అప్పుడు రా. అప్పటికి రెండో బడిలో కూడా కాస్త కుదురుకుని ఉంటావు. గన్నవరం ఎయిర్‌పోర్టుకి రమ్మని నాన్నగారిని నువ్వే అడుగు, అమ్మతో చెప్పించకు.