టీబీ క్రిమిని తెల్ల రక్తకణాలు ఎలా అడ్డుకుంటాయి?

టీబీ క్రిమి ఒంట్లో చేరినా చాలామందికి జబ్బు రాదు, ఎందుకని అడిగారు. తెల్ల రక్తకణాలు దాన్ని పూర్తిగా చంపలేకపోయినా కట్టడి చేయగలవు, అందుకే.

రోగి దగ్గినప్పుడు గాల్లోకి వచ్చిన క్రిములు మన ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా వెళ్తాయి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణాలు వాటిని మింగేస్తాయి. మామూలు బ్యాక్టీరియా అయితే కథ అక్కడితో సరి. క్రిమి ఉన్న సంచి, ఎంజైములున్న సంచి కణం లోపల కలిసిపోతాయి, క్రిమి అరిగిపోతుంది. టీబీ క్రిమి మాత్రం ఆ రెండూ కలవకుండా అడ్డుపడి, తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. దీని మొండితనమంతా ఇక్కడే ఉంది.

ఈలోగా డెండ్రైటిక్ కణాలనే వార్తాహరులు క్రిమి ఆనవాళ్లను లింఫు గ్రంథులకు మోసుకెళ్లి, టి కణాలనే మరో రకం తెల్ల కణాలకు చూపిస్తాయి. దీనికి వారాలు పడుతుంది. వాటిలో సీడీ4 అనే రకం టి కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనం వదిలితేనే మాక్రోఫేజ్‌లకు అసలు బలం. అన్నీ కలిసి క్రిముల చుట్టూ గ్రాన్యులోమా అనే చిన్న గడ్డ కడతాయి. లోపల క్రిములు ఏళ్ల తరబడి అణగి ఉండొచ్చు. హెచ్ఐవీ ఆ సీడీ4 కణాలనే దెబ్బతీస్తుంది కాబట్టి హెచ్ఐవీ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు అంత ఎక్కువ.

టీబీ క్రిమి సోకిందేమో చూడటానికి చేతి చర్మంలోకి సూది ఇచ్చి చేసే మాంటూ పరీక్షలో 48 నుంచి 72 గంటలకు చేతి మీద గట్టిగా తగిలే వాపు కూడా టి కణాల పనే. అది క్రిమి సోకిందనడానికి గుర్తు, జబ్బు ఉందనడానికి కాదు.

ఒక్క మాట: రక్తపరీక్షలో తెల్ల కణాల కౌంట్ నార్మల్‌గా ఉందని టీబీ లేదనుకోకండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి.