అమెరికాకు ట్రమడాల్ మాత్రలు పోస్టులో పంపవచ్చా?

ప్రశ్న: మా ఆవిడ ఒహాయోలో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్లింది. మోకాళ్ల నొప్పికి ఇక్కడి డాక్టరు రాసిన ట్రమడాల్ మాత్రలు వెంట తీసుకెళ్లింది. అవి అయిపోవచ్చాయి. డాక్టరు చీటీ జతచేసి మరికొన్ని పోస్టులో పంపబోతే కౌంటర్లో తీసుకోలేదు. ఒహాయో సెనేటర్ ఒకరు తెచ్చిన చట్టమే ఇందుకు కారణమని అమ్మాయి అంటోంది. చీటీ ఉన్నా నేరమేనా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నేరమే. దయచేసి మరో దారిలోనూ పంపే ప్రయత్నం చేయకండి.

మీ అమ్మాయి చెప్పిన అప్పటి సెనేటర్ రాబ్ పోర్ట్‌మన్. అయితే ఆయన చట్టం మీ మాత్రలను కొత్తగా నిషేధించలేదు. ట్రమడాల్‌ను అమెరికా 2014లోనే నియంత్రిత మందుల నాలుగో షెడ్యూల్లో చేర్చింది. అలాంటి మందును విదేశం నుంచి తెప్పించుకునే హక్కు లైసెన్సు ఉన్న సంస్థలదే, ఇళ్లలో ఉండేవారిది కాదు. ప్రయాణికులు సొంత వైద్యం కోసం, కస్టమ్స్‌కు చెప్పి, వెంట తెచ్చుకునే మందుకు మినహాయింపు ఉంది. పోస్టులో వచ్చేదానికి అది వర్తించదు.

పోర్ట్‌మన్ చేసింది వేరే పని. విదేశీ పార్సెళ్లలో ఏముందో, ఎవరు ఎవరికి పంపుతున్నారో ముందుగానే కంప్యూటర్ ద్వారా తెలపాలన్న నియమం 2002 చట్టంతో ప్రైవేటు కొరియర్లకు వచ్చింది. ప్రభుత్వ పోస్టు మాత్రం దాని నుంచి తప్పించుకుంది. హెరాయిన్ కంటే 50 రెట్లు బలమైన ఫెంటనిల్ అనే కృత్రిమ మత్తుమందు చైనా నుంచి చిన్న కవర్లలో అమెరికన్ల ఇళ్లకు చేరింది ఆ సందులోంచే. ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రాల్లో ఒహాయో ఒకటి. పోర్ట్‌మన్ నడిపిన సెనేట్ ఉపసంఘం 2018 జనవరిలో ఈ లొసుగును బయటపెట్టింది. ఆయన, మరో సెనేటర్ ఎమీ క్లోబుచార్ కలిసి ప్రతిపాదించిన స్టాప్ చట్టం అదే ఏడాది అక్టోబరులో ఆమోదం పొందిన పెద్ద ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందుల) చట్టంలో భాగమైంది. పోస్టు పార్సెళ్లకూ ఆ వివరాలు తప్పనిసరయ్యాయి. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉన్న రాష్ట్రంలో ఈ చట్టం అవసరమని నా గట్టి అభిప్రాయం. మీకు కలిగిన ఇబ్బందిని తక్కువ చేసి చెప్పడం లేదు.

మన చట్టమూ మీకు అడ్డే. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్ మన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పరిధిలోకి వచ్చింది. అనుమతి లేని ఎగుమతికి సెక్షన్ 23 కింద శిక్ష. స్వల్ప పరిమాణమైతే ఏడాది వరకు కఠిన కారాగారం, జరిమానా లేదా రెండూ. ఆ పరిమాణం దాటితే పదేళ్ల వరకు. ట్రమడాల్‌కు స్వల్ప పరిమాణం 5 గ్రాములు. ఇది చాలా ఎక్కువని మీకు అనిపించవచ్చు. కానీ 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మిశ్రమంలోని మందును మాత్రమే కాక మొత్తం బరువును లెక్కించాలని చెప్పింది. మాత్రల్లోని పిండిపదార్థం కూడా తూకంలోకి వస్తుందన్న మాట. ఐదారు స్ట్రిప్పులు సరిపోవచ్చు. కాబట్టి 'విటమిన్లు' అని రాసి పంపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తప్పుడు వివరాలతో మీ మీద మరో అభియోగం చేరుతుంది.

ఇప్పుడు అసలు అవసరం మీ శ్రీమతి మందు. ట్రమడాల్ కొంతకాలం వాడినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు, నిద్రలేమి రావచ్చు. మాత్రలు పూర్తిగా అయిపోకముందే ఒహాయోలో డాక్టరును కలవమనండి. అవసరమైతే అదే మందు రాసే అధికారం ఆయనకే ఉంటుంది, లేదా వేరే మందుకు మార్చి మోతాదు మెల్లగా తగ్గిస్తారు. ఇక్కడి చీటీ, ఎక్స్‌రే, డాక్టరు ఇచ్చిన రోగ వివరాలు ఫోన్లో ఫొటో తీసి ఈరోజే పంపండి. వాటికి కస్టమ్స్ అడ్డు లేదు.