బాలి అడవిలో విశ్రాంతికి బోనస్ మొత్తం పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. గచ్చిబౌలిలోని ఐటీ కంపెనీలో మేనేజర్‌ని. మావారు ప్రైవేటు కళాశాలలో లెక్చరర్. ఇద్దరికీ కలిపి నెలకు 2.5 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదాతో కలిపి ఖర్చులు 1.6 లక్షలు, సిప్‌లు 40,000. అబ్బాయి చదువు కోసం 5 లక్షల చీటీ వేశాం. నెలకు 20,000 చొప్పున 25 నెలలు, ఎనిమిది కట్టాం. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. అబ్బాయి ఇంటర్ పూర్తయింది, ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరతాడు. నాకు రెండేళ్లుగా నిద్ర సరిగా పట్టడం లేదు, ఒంట్లో సత్తువ ఉండటం లేదు. బాలిలో ఉబుద్ దగ్గర అడవి మధ్య ఉన్న ఒక వెల్‌నెస్ రిసార్టులో పది రాత్రులు గడపాలని ఉంది. గది, భోజనం, యోగా, మసాజ్‌లు కలిపి 4.8 లక్షలు, పన్నులు అదనం అన్నారు. ఈ ఏప్రిల్‌లో బోనస్ పన్ను పోను 5 లక్షలు వచ్చింది. చాలకపోతే చీటీ పాడుకోవాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? ఆరోగ్య బీమాలో క్లెయిమ్ వస్తుందా? ఏటా ఏడు రాత్రుల చొప్పున ఐదేళ్ల సభ్యత్వం 9 లక్షలకు ఇస్తామని రోజూ ఫోన్లు చేస్తున్నారు. అది లాభమేనా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెళ్ళిరండి. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం, ఇల్లు రెండూ లాక్కొస్తున్న మనిషి తన కోసం కొంత ఖర్చు పెట్టుకుంటానంటే వద్దనడానికి నేనెవరిని? నా అభ్యంతరమంతా పది రాత్రుల మీద, అప్పు మీద, ఆ సభ్యత్వం మీద.

ముందుగా, ఈ ఖర్చును మీ ఇంటి లెక్కల్లో విహారం కింద రాసుకోండి. ఆరోగ్యం కింద రాస్తే చేతికి అడ్డు ఉండదు. ఆరోగ్యం కంటే డబ్బు ఎక్కువా అని ఎవరైనా అంటే ఎవరం మాత్రం ఏం చెప్పగలం? రిసార్టు వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే మసాజ్‌కు కూడా చికిత్స అని పేరు పెడతారు. రెండేళ్లుగా నిద్ర పట్టకపోతే చూపించుకోవలసింది డాక్టరుకు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్ పరీక్షలకు కొన్ని వేలతో సరిపోతుంది. టికెట్లు కొనకముందే అవి చేయించుకోండి. మీ వయసులో రుతుక్రమం ఆగే ముందు వచ్చే మార్పుల వల్ల కూడా నిద్ర చెడుతుంది, గైనకాలజిస్టును కూడా అడగండి.

బీమా క్లెయిమ్ రాదు. ఆయుర్వేదం, ప్రకృతి చికిత్సల వంటి ఆయుష్ వైద్యాన్ని మిగతా వైద్యంతో సమానంగా చూడాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ నుంచి కంపెనీలకు చెప్పిన మాట నిజమే. కానీ అది ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరినవారికి. స్పాలు, ప్రకృతి చికిత్స క్లినిక్‌ల వంటి చోట్ల తీసుకున్న సేవలు అన్ని పాలసీల్లోనూ ఉండే మినహాయింపుల జాబితాలో 13వ కోడ్ కింద ఉన్నాయి. మీ పాలసీ కాగితాలు తీసి చూడండి, అక్షరాలా ఉంటుంది. ఆదాయపు పన్నులోనూ ఈ ఖర్చుకు మినహాయింపు లేదు.

ఇప్పుడు అసలు బిల్లు చూద్దాం. మీకు చెప్పిన 4.8 లక్షలు సగం మాటే. బాలి హోటళ్ల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. వాటి అర్థం పన్ను, సర్వీసు చార్జీ కలిపి సుమారు 21 శాతం అదనం. అంటే 1,00,800. అక్కడికే 5,80,800 అయింది. దాన్ని మామూలు క్రెడిట్ కార్డు మీద కడితే విదేశీ మారకపు రుసుము 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. ఇంకో 24,000 పోతుంది, ఎందుకు పోయిందో స్టేట్‌మెంట్ వచ్చేదాకా తెలియదు. ఈ రుసుము తక్కువగానో, అసలు లేకుండానో ఇచ్చే కార్డులు ఉన్నాయి, మీ బ్యాంకును అడగండి. విమానం టికెట్లకు 45,000 అనుకుందాం. అక్కడ దిగాక ఇచ్చే వీసాకు 5 లక్షల ఇండోనేషియా రుపియాలు, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటకుల దగ్గర వసూలు చేస్తున్న రుసుము మరో 1.5 లక్షల రుపియాలు. వినడానికి భయంగా ఉన్నా రెండూ కలిపి మన డబ్బులో 3,500 అనుకోండి. మొత్తం 6.53 లక్షలు. మీ బోనస్ దానికి లక్షన్నర పైగా చాలదు.

ఆ లక్షన్నర కోసం చీటీ పాడుకుంటారా? లక్ష వదులుకుని పాడారనుకోండి, చేతికి 4 లక్షలు వస్తాయి. ఆ తరువాత పదిహేడు నెలలు కడుతూనే ఉండాలి. జామీను సంతకాలకు ఎవరి ఇంటికైనా వెళ్ళాలి, ఎందుకమ్మా ఈ డబ్బు అంటే బాలికి అని చెప్పాలి. పైగా అది అబ్బాయి ఫీజు. ఏడాదికి లక్షన్నర దాటి వసూలు చేసే ఇంజనీరింగ్ కళాశాలలు హైదరాబాద్‌లో ఉన్నాయి, హాస్టలు అయితే అది వేరే. ఇక పర్సనల్ లోన్: 14 శాతానికి రెండేళ్లంటే నెలకు 7,200, వడ్డీయే దాదాపు 23,000. ఆ వాయిదా సందేశం నెల నెలా ఫోనులో మోగుతుంటే, నిద్ర కోసం చేసిన అప్పు నిద్ర చెడగొట్టినట్టు అవుతుంది. రెండూ వద్దు.

సభ్యత్వం సంగతి ఒక్క ముక్కలో: ఫోను పెట్టేయండి. ఒక్క రాత్రి కూడా ఉండి చూడని చోటికి ఐదేళ్ల డబ్బు ముందే కట్టడం ఏ లెక్కలోనూ నిలవదు. ఏటా నిర్వహణ చార్జీ ఎంత, దసరా సెలవుల్లో గది ఇస్తారా, విమానం ఖర్చు ఎవరిది అని అడిగి చూడండి. అవతలి గొంతు మారుతుంది.

నన్నడిగితే బోనస్‌ను రెండుగా విడగొడతాను. మీ నెల ఖర్చు 1.6 లక్షలు, ఎఫ్‌డీ 3 లక్షలు. ఉద్యోగానికి ఏదైనా అయితే రెండు నెలలు కూడా గడవవు. ఐటీలో ఉన్న మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. 2.5 లక్షలు ఆ ఎఫ్‌డీలో కలపండి. అప్పటికీ ఆరు నెలల ఖర్చుకు చాలదు గాని కొంత నయం. మిగిలిన 2.5 లక్షలు మీవి. మీరు రాసిన లెక్క ప్రకారం నెలకు 30,000 మిగలాలి, అది ఎటు పోతోందో మీరు రాయలేదు. అందులో 15,000 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పక్కన పెడితే 1.05 లక్షలు. మొత్తం 3.55 లక్షలవుతుంది. పది రాత్రుల బదులు ఐదు రాత్రులయితే, పైన చెప్పిన అన్ని అదనాలతో కలిపి 3.51 లక్షలు. అప్పు లేకుండా వెళ్ళి వస్తారు. అక్టోబరయితే అబ్బాయి కౌన్సెలింగ్ ముగిసి ఫీజు ఎంతో తేలిపోతుంది, జూలై, ఆగస్టుల్లో ఉండే రద్దీ ధరలూ ఉండవు. ఒకవేళ మేనేజ్‌మెంట్ సీటు తీసుకోవలసి వస్తే ఈ ఏడాదికి బాలి మాట మరచిపోవాలి, అది మాత్రం ఇప్పుడే ఇంట్లో అనుకోండి.

ఉబుదే కావాలన్న పట్టు లేకపోతే కేరళ చూడండి. ఆయుర్వేదానికి అక్కడ మంచి కాలం కర్కాటక మాసమంటారు, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. వానల వల్ల పర్యాటకులు తగ్గి ధరలూ దిగుతాయి. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పాలక్కాడ్‌లో దిగవచ్చు. మీరు చేరే ఆయుర్వేద కేంద్రానికి కేరళ పర్యాటక శాఖ ఇచ్చే ఆయుర్ డైమండ్, ఆయుర్ గోల్డ్ గుర్తింపు ఉందో లేదో అడగండి, డాక్టరు ఉన్నారో లేదో అంతకంటే ముందు అడగండి. రోజుకు 7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ పడుతుంది. వయనాడ్ కొండల్లో మాత్రం ఆ వానల్లో వద్దు. 2024 జూలై 30న చూరల్‌మల, ముండక్కైలలో కొండచరియలు ఏం చేశాయో చూశాం.

బాలికే వెళ్తే మరో రెండు సంగతులు. ఇక్కడి ట్రావెల్ ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. ఇదివరకు 5 శాతం, పరిమితి దాటితే 20 శాతం ఉండేది, 2026 ఏప్రిల్ నుంచి 2 శాతం. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. ఆఫీసులో పేరోల్ వాళ్లకు ఆ వివరాలిస్తే జీతంలో కోసే టీడీఎస్‌లో సర్దుతారు, రిటర్ను దాకా ఆగనక్కరలేదు. రెండోది, ప్రయాణ బీమా. 2024 నవంబరులో, 2025లోనూ ఫ్లోరెస్ దీవిలోని లెవొటొబి అగ్నిపర్వతం బూడిదతో బాలి విమానాలు రద్దయ్యాయి. అలాంటప్పుడు టికెట్ల, గది డబ్బు వస్తుందా, డెంగీతో అక్కడ ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఇస్తారా అన్నవి పాలసీలో చూసి తీసుకోండి. రిసార్టుకు అడ్వాన్సు పంపేముందు, రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత తిరిగి ఇస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోనులో చెప్పినది చెల్లదు.