ఈ రొయ్య ఏ చెరువుదో చెప్పగలరా?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు చిన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ ఉంది. సరుకు ఏజెంట్ల ద్వారా కొంటాం. ఈమధ్య యూరప్‌లో మా సరుకు కొనే కంపెనీ పెద్ద ఫారం పంపింది. ఏ చెరువు రొయ్య, ఏ మందులు వాడారు, వొలిచేవాళ్లకి కూలి ఎంత అని. చెరువులు మావి కావు, వొలుపు కాంట్రాక్టర్ చూసుకుంటాడు. ఇవన్నీ మేమెందుకు చెప్పాలి? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: చెరువు మీది కాకపోయినా కంటైనర్ వెనక్కొస్తే నష్టం మీదేనండీ. మన పెంపకం రొయ్యల మీద యూరోపియన్ యూనియన్ తనిఖీలను 2016లో వచ్చే సరుకులో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది, కారణం నిషేధిత యాంటీబయాటిక్స్ అవశేషాలే.

అసలు చిక్కు ఏజెంట్ బండిలో ఉంది. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలనే లెక్క) ఒకటే కదా అని నాలుగైదు చెరువుల సరుకు కలిపి ఐసు వేసేస్తారు. వాళ్లలో ఒక్క రైతు తెల్లమచ్చ భయంతో లేబుల్ లేని మందేదో వాడితే (అది వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ దానికి పనిచేయదు కూడా) లాట్ మొత్తం పోతుంది, పైగా అది ఎవరి చెరువో పట్టుకోలేరు. అందుకే ఒక చెరువు సరుకు ఒక లాట్‌గానే రావాలని ఏజెంట్లకి గట్టిగా చెప్పండి. ఎంపెడాలో (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) నమోదైన చెరువులవే కొనండి, రొయ్య పట్టేముందు చేయించిన ఎలైజా పరీక్ష (యాంటీబయాటిక్ అవశేషాలు పట్టుకునేది) కాగితం చూడండి. దానికోసం రైతుకి కిలోకి ఓ రూపాయి ఎక్కువిచ్చినా తప్పులేదు, ఖర్చంతా అతని నెత్తిన వేస్తే కాగితాలే వస్తాయి, మంచి సరుకు రాదు.

కూలీల సంగతి నాకు ఇంకా ముఖ్యం. 2024లో అమెరికాకి చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ మన రొయ్యల పరిశ్రమలో కార్మికుల కష్టాల మీద నివేదిక ఇచ్చింది, కాబట్టి కొనేవాళ్లు ఇక అడుగుతూనే ఉంటారు. ఎవరూ అడక్కపోయినా మీకు తెలియాల్సిన విషయమే అది. ఒకరోజు తెల్లవారుజామున, కాంట్రాక్టర్‌కి చెప్పకుండా, వొలుపు షెడ్‌కి వెళ్లండి. ఐసు నీళ్లలో గంటలతరబడి పెట్టిన ఆ ఆడవాళ్ల చేతులు చూడండి. గ్లౌజులు ఉన్నాయా, మరుగుదొడ్డి ఉందా, కిలో లెక్కన ఇచ్చేది రోజుకి కనీస వేతనానికి సరిపోతోందా, అడ్వాన్సు తీర్చలేక పని మానలేనివాళ్లు ఉన్నారా, వాళ్లనే అడగండి.

ఫారంలో తెలియనిచోట ‘ఇంకా తెలియదు, ఫలానా తేదీలోగా చెప్తాం’ అని రాయండి, ఊహించి మాత్రం నింపకండి. అందరితో ఒకేసారి కాదు, మీకు ఎక్కువ సరుకు ఇచ్చే ఇద్దరు ముగ్గురు ఏజెంట్లతో ఈ పంట నుంచే మొదలుపెట్టండి.