పాత ఐరిస్ రకాల గుర్తింపు: పేరు పెట్టేముందు టేపు తీయండి

ప్రశ్న: మాది దుగ్గిరాల దగ్గర పసుపు పండించే కుటుంబం. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, సఫోక్ కౌంటీలోని హ్యాడ్లీ ఊరి పక్కన ఉంటున్నాం. మేం కొన్న పాత ఇంటి పెరట్లో ఐరిస్ దుబ్బులు ఉన్నాయి. కొన్ని పూలు తెల్లగా ఉండి, రేకుల అంచున ఊదా చుక్కలూ గీతలూ ఉంటాయి. అదే దుబ్బులో లేత గులాబీ రంగు పూలు కూడా పూశాయి. ఇవి సెడ్రిక్ మోరిస్ అనే చిత్రకారుడి తోట నుంచి వచ్చిన పాత రకాలని పక్కింటి పెద్దావిడ అంటున్నారు. ఫోటోలు పంపుతున్నాను. ఏ రకాలో చెప్పగలరా? రెండు దుంపలు మా ఊరికి పంపితే బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, సఫోక్

జవాబు: అమ్మా, ఫోటోలు చూశాను. పూలు చక్కగా ఉన్నాయి. కానీ వాటిని చూసి రకం పేరు మాత్రం చెప్పను. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఆ తర్వాత మీరే చేసుకోగలిగిన పని ఉంది.

పక్కింటావిడ మాటను తేలిగ్గా తీసిపారేయకండి. మోరిస్ తోట మీ ఊళ్లోనే ఉంది. 1889లో వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టిన ఆయన, సహచరుడు ఆర్థర్ లెట్-హెయిన్స్‌తో కలిసి 1937లో ఎసెక్స్ కౌంటీలోని డెడమ్‌లో చిత్రకళా పాఠశాల పెట్టారు. 1939లో ఆ భవనం కాలిపోయింది. మరుసటి ఏడాది బడినీ మొక్కలనూ హ్యాడ్లీలోని బెంటన్ ఎండ్ అనే పాత ఇంటికి మార్చారు. 1982లో చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నారు. బొమ్మలు గీసింది, ఐరిస్‌లను సంకరపరిచింది ఆ ఇంట్లోనే. బతికి ఉండగా అడిగిన వాళ్లకల్లా మొక్కలు పంచారు. ఆయన పోయాక కూడా తోటలోని మొక్కలు స్నేహితుల పెరళ్లకు వెళ్లాయి. కాబట్టి హ్యాడ్లీ చుట్టుపక్కల ఏ పాత పెరట్లోనైనా బెంటన్ ఎండ్ దుంప ఉండటంలో వింత లేదు.

అయితే ఆ తోట నుంచి వచ్చిందని తేలినా రకం తేలినట్టు కాదు. మోరిస్ మంచి కాలంలో ఏటా వెయ్యి దాకా గింజ మొక్కలు పెంచేవారు. మొత్తం మీద పేరు పెట్టినవి సుమారు 90. మిగతావన్నీ పేరు లేని మొక్కలే. వాటిలో చాలావాటిని ఆయన తీసేసి ఉంటారు, నచ్చిన వాళ్లకు ఇచ్చేసినవీ ఉంటాయి. లండన్‌లోని టేట్ అనే చిత్రశాల సేకరణలో ఉన్న ఆయన 1943 నాటి చిత్రం పేరే ‘ఐరిస్ సీడ్లింగ్స్’. అందులో ఉన్నవీ గింజ మొక్కలే. ఆ బొమ్మలో మీ పువ్వు లాంటిది కనబడగానే ఇదే అది అనుకోకండి.

ఐరిస్ దుంప మీ పసుపు దుంప లాంటిదే. దుంప విరిచి నాటితే తల్లి రకం మారకుండా వస్తుంది, గింజ రాలి మొలిస్తే వచ్చేది వేరే మొక్క. మీ దుబ్బులో రెండు రంగులు ఉండటానికి కారణం రెండిట్లో ఏదో ఒకటి. ఎవరో రెండు రకాలు పక్కపక్కన నాటి వదిలేశారు, లేదా కాయ పగిలి గింజలు దుబ్బులోనే మొలిచాయి. పూలు వాడాక ఆకులు చూసి వీటిని విడదీయడం ఎవరి వల్లా కాదు. అందుకే మే నెలాఖరున, జూన్‌లో పూలు ఉన్నప్పుడే ఒక్కో పూకాడ మొదట్లో రంగు దారం కట్టండి. ఈ ఒక్క పని చెయ్యకుండా మిగతావన్నీ చేసినా వృథా. వాడిన పూలను కాయ కట్టకముందే తుంచేయండి.

ఇక కొలతలు. పూకాడ ఎత్తు నేల నుంచి పై పువ్వు దాకా కొలవండి. 70 సెంటీమీటర్లు దాటితే పొడుగు రకాల వర్గంలోకి వస్తుంది. కాడకు ఎన్ని కొమ్మలు, ఎన్ని మొగ్గలు, కొమ్మలు కాడ మధ్య నుంచి మొదలవుతున్నాయా పైనే గుమికూడాయా రాసుకోండి. ఆకు మొదలు ఊదాగా ఉందా, పచ్చగా ఉందా? మొగ్గను కప్పే పొర పూసే సమయానికి పచ్చగానే ఉందా, వెండి కాగితంలా ఎండిపోయిందా? పొర పూర్తిగా ఎండిపోతే ఆ మొక్కలో ఐరిస్ పల్లిడా అనే అడవి జాతి రక్తం బలంగా ఉందని అనుమానించవచ్చు. వాసన కూడా రాయండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

పువ్వులో మూడు రేకులు పైకి, మూడు కిందికి ఉంటాయి. కింది రేకు మొదట్లో ఉండే నూగు గడ్డం రంగు చాలా ముఖ్యం. అది లోపల ఒక రంగు, కొసన ఒక రంగు ఉండొచ్చు, రెండూ రాయాలి. గడ్డానికి అటూ ఇటూ ఉన్న ఈనెల గీతలు చూడండి. కింది రేకు వేలాడుతోందా, అడ్డంగా చాచుకుని ఉందా గమనించండి. రేకుల అంచులు బాగా కుచ్చులు పడి ఉంటే మోరిస్ పేరు అక్కడే పక్కన పెట్టండి. కుచ్చులు, వెడల్పు రేకులు ఎక్కువగా ఆ తర్వాతి తరం పెంపకందార్ల పని. మోరిస్ పూలు సన్నగా, నాజూగ్గా ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకూ అవే నచ్చుతాయి. ఈనాటి రకాలు కొన్ని వాన పడితే తమ బరువుకే వంగిపోతాయి.

ఫోటో తీసేటప్పుడు విచ్చిన మొదటి రోజు ఉదయం, నీడలో, పక్కన తెల్లకాగితం, స్కేలు పెట్టి తీయండి. ఊదా రంగును ఫోన్ కెమెరాలు నీలంగా మార్చేస్తాయి. మీరు పంపిన మూడో ఫోటోలో ఆకుల పచ్చదనం కూడా తేడాగా ఉంది, దాన్ని నమ్మలేం.

మీ అంచు చుక్కల పువ్వును ప్లికాటా వర్గం అంటారు. మోరిస్‌కు ఈ వర్గం బాగా ఇష్టం. అయితే తెల్ల పువ్వుకు నీలి ఊదా అంచు అనగానే ముందు అనుమానించాల్సింది ‘మదామ్ షెరో’ను. ఫ్రాన్స్‌లో లెమాన్ అనే పెంపకందారు 1844లో విడుదల చేసిన ఆ రకం యూరప్ అంతటా పాత పెరళ్లలో పాతుకుపోయింది. దాని పువ్వు చిన్నది, రేకులు సన్నం. ఆ కాలపు రకాలు 24 క్రోమోజోముల ద్వయస్థితికాలు, అంటే కణంలో ఒక్కో క్రోమోజోముకు రెండేసి ప్రతులున్నవి. 20వ శతాబ్దంలో తూర్పు మధ్యధరా ప్రాంతపు పెద్ద పూల జాతులతో సంకరం చేశాక 48 క్రోమోజోముల రకాలు వచ్చాయి, పూలు పెద్దవయ్యాయి, ఆకు దళసరి అయింది. మీకు తెలిసిన వాళ్ల దగ్గర మైక్రోస్కోపు ఉంటే ఆకు అడుగు పొర ఒలిచి పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చే సన్న రంధ్రాలు, చూడండి. 48 క్రోమోజోముల వాటిలో అవి స్పష్టంగా పెద్దవి. మోరిస్ రకాలు ఈ పెద్ద పూల కాలానివి కాబట్టి, ద్వయస్థితికం అని తేలితే అది బెంటన్ రకం అయ్యే అవకాశం చాలా తక్కువ.

గులాబీ రంగుది ఇంకా చిక్కు. మోరిస్ 1940ల్లో ‘ఎడ్వర్డ్ ఆఫ్ విండ్సర్’ అనే గులాబీ రకాన్ని తెచ్చిన మాట నిజం. 1955లో ఐరిస్‌లకు ఇచ్చే అత్యున్నత పురస్కారం డైక్స్ పతకం అందుకున్న ఆయన ‘బెంటన్ కార్డీలియా’ కూడా లేత ఊదా, నారింజ గడ్డం. కానీ ఆ 1940ల్లోనే అమెరికాలో డేవిడ్ హాల్ అనే పెంపకందారు నారింజ గడ్డం గులాబీలను వరసగా విడుదల చేశారు. వాటి సంతానం ఇంగ్లండ్‌లోనూ ఇంటింటా ఉంది. రంగు ఒక్కటే చూసి తేల్చొద్దు.

కొలతలన్నీ చేతికొచ్చాక పోల్చాల్సింది అమెరికన్ ఐరిస్ సొసైటీ నమోదు జాబితాలతో. దుంప ఐరిస్‌ల పేర్ల నమోదు ప్రపంచమంతటికీ వాళ్లదే. అందులో వర్ణన రెండు మూడు ముక్కలే ఉంటుంది కాబట్టి ఆనాటి నర్సరీ కేటలాగులు కూడా వెతకాలి. మోరిస్ రకాలు అమ్మినది ఆర్పింగ్టన్ నర్సరీస్. దాన్ని నడిపిన ఆలివ్ మరెల్ పేరు ‘బెంటన్ ఆలివ్’ రకానికి పెట్టారాయన. పెంపుడు పిల్లులకూ మకావ్ చిలుకకూ కూడా అలాగే ఐరిస్‌ల రూపంలో గౌరవం దక్కింది: బెంటన్ మెనేస్, బెంటన్ బ్యాగేజ్, బెంటన్ రూబియో. చివరగా, ఇంగ్లండ్‌లో పేరున్న సిసింగ్‌హర్స్ట్ తోటకు ప్రధాన తోటమాలిగా పనిచేసిన సారా కుక్ చెదిరిపోయిన ఈ రకాలను ఏళ్ల తరబడి వెతికి పోగుచేశారు. 2015లో లండన్‌లోని చెల్సీ పూల ప్రదర్శనలో వాటిని జనం చూశారు. పేరు రుజువైన మొక్క పక్కన మీ పువ్వును ఒకే రోజు పెట్టి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. డీఎన్‌ఏ పరీక్షకైనా పోల్చడానికి అలాంటి మొక్కే కావాలి.

అప్పటిదాకా చీటీ మీద ‘హ్యాడ్లీ పెరడు, తెలుపు–ఊదా అంచు, పక్కింటివారి కథనం: బెంటన్ ఎండ్’ అని తేదీతో రాసి పెట్టండి. ఆవిడకు మొక్క ఎవరిచ్చారో, ఎప్పుడో అడిగి అదీ రాయండి. తప్పు పేరుతో ఒక్క దుంప చేతులు మారినా ఆ తప్పు పదిళ్లకు పాకుతుంది, తర్వాత వెనక్కి తీయలేం.

దుబ్బు విడదీయడం పూలు అయిన ఆరు వారాలకు, జులై నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా. ఇక్కడ పసుపు అలవాటు మరచిపోండి. దుంపను మట్టిలో పూడ్చకూడదు, వీపు ఎండకు కనబడుతూ ఉండాలి. పూడిస్తే మెత్తబడి, కంపుకొట్టి కుళ్లుతుంది. కుళ్లిన భాగం కోసి ఆరబెట్టి నాటండి.

దుగ్గిరాలకు పంపే ఆలోచన మాత్రం మానుకోండి. దిగుమతి అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్క దుంపలు దేశంలోకి తేవడం చట్టవిరుద్ధం. అవన్నీ తెచ్చినా వీటికి పూత రావాలంటే గట్టి శీతాకాలం కావాలి, మన తొలకరి తేమకు దుంప నిలవదు. ఊళ్లో మీవాళ్లకు ఆ పూల పోలిక ఏదైనా కావాలంటే, అదే కుటుంబానికి చెందిన గ్లాడియోలస్ దుంపలు అక్టోబరులో నాటించండి, చలికాలంలో పూస్తాయి.