కోల్డ్ రూమ్ ఔట్‌డోర్ యూనిట్లను దుకాణం వెనక సందులో పెట్టవచ్చా?

గుంటూరు అరండల్‌పేటలో మీ కోవాకు కొత్త కోల్డ్ రూమ్ కట్టిస్తున్నారని, గదిలోని వేడిని బయటికి వదిలే ఔట్‌డోర్ యూనిట్లను కాంట్రాక్టర్ దుకాణం వెనక సందులో పెడతానంటున్నారని రాశారు. సందులో పెట్టవచ్చా అన్న ప్రశ్నకు జవాబు కాస్త కింద రాస్తాను. అంతకన్నా ముందు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. పాత దుకాణంలోని కోల్డ్ రూమ్ మిషను మధ్యాహ్నాలు ట్రిప్ అయ్యేదని, మెకానిక్ వచ్చి లోపల ఒక వైరు కలిపాక ఆ బాధ తప్పిందని రాశారు. ఆ వైరును ఈరోజే తీయించండి. తీసేదాకా మిషను ఆపి ఉంచండి. పాల సరుకు పాడవుతుందని భయం ఉంటే ఈ రాత్రికి ఐసు పెట్టెల్లోకో, తెలిసినవారి ఫ్రీజర్లోకో మార్చండి.

మీ మెకానిక్ కలిపినవి బహుశా హై ప్రెషర్ స్విచ్ కొసలు. ఔట్‌డోర్‌లో గ్యాసు వేడి వదిలి ద్రవంగా మారే గొట్టాల చుట్టను కండెన్సర్ అంటారు, గ్యాసును నొక్కే యంత్రం కంప్రెసర్. కండెన్సర్‌లో గ్యాసు ఒత్తిడి హద్దు దాటితే కంప్రెసర్‌ను ఆపడం ఆ స్విచ్ పని. వైరు కలిపాక కూడా ఒత్తిడి మునుపటిలాగే పెరుగుతుంది, ఆపేది మాత్రం ఉండదు.

విజయవాడ ఆటోనగర్ కేంద్రంగా 22 ఏళ్లుగా కోల్డ్ రూమ్ మిషన్లు బిగించి, బాగుచేసే పని చేస్తున్నాను. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2015 మే నెల. ఆ ఏడాది వడగాలులకు రాష్ట్రంలో వందలాది మంది చనిపోయారు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఐస్‌క్రీమ్ గోదాము నుంచి మధ్యాహ్నం మూడింటికి ఫోను వచ్చింది, మిషను అరుస్తోందని. నేనూ, మా పిన్ని కొడుకూ వెళ్లాం. వాడికి అప్పుడు 19 ఏళ్లు, నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. యూనిట్‌ను రెండు భవనాల మధ్య సందులో పెట్టి, వాన పడకుండా పైన రేకు కప్పారు. ప్యానెల్ మూత తీయగానే స్విచ్‌ను దాటించి కలిపిన వైరు కనిపించింది. మెయిన్ ఆపడానికి నేను అటు నడుస్తుండగానే, కంప్రెసర్ నుంచి వేడి గ్యాసు బయటికి వచ్చే డిశ్చార్జ్ పైపు అతుకు దగ్గర పగిలింది. ఆ పైపులోని గ్యాసూ, దానితో కలిసి తిరిగే నూనే అలాంటి సమయంలో 100 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటాయి. వాడి ముంజేయి కాలింది. నన్ను అంతకన్నా వణికించింది ఆ తరువాతి నిమిషం. ఈ గ్యాసులు గాలికన్నా బరువైనవి. గాలి కదలని సందులో నేలబారుగా నిండి, పీల్చడానికి గాలి లేకుండా చేస్తాయి. “అన్నయ్యా, కళ్లు తిరుగుతున్నాయి” అంటూ వాడు కూలబడ్డాడు. చంకల కింద చేతులు వేసి రోడ్డు మీదికి లాక్కొచ్చాను. చేయి మానడానికి నెలన్నర పట్టింది. పిన్ని ముఖం సూటిగా చూడటానికి నాకు అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఆ ప్రమాదానికి మూలం ఆ సందు. సందులో వేడి నిలిచింది, అందుకని మిషను ట్రిప్ అయింది. ట్రిప్ అవుతోందని ఎవరో వైరు కలిపారు. ఇప్పుడు అరండల్‌పేటలో మీ కొత్త కోల్డ్ రూమ్‌కు కాంట్రాక్టర్ చూపిస్తున్నదీ అలాంటి సందే. వెడల్పు మూడడుగులు, అటూ ఇటూ గోడలు, అందులో రెండు యూనిట్లు. పెట్టవద్దు.

ఎందుకో లెక్క చూడండి. మీ కోవా నుంచి లాగిన వేడి, కంప్రెసర్ తాగే కరెంటు వల్ల పుట్టే వేడి, రెండూ ఔట్‌డోర్ నుంచే బయటికి పోవాలి. మీరు చెప్పిన 3 హెచ్‌పీ యూనిట్ ఒక్కొక్కటి సుమారు 8 కిలోవాట్ల వేడి వదులుతుంది. రెండూ కలిస్తే 16 కిలోవాట్లు. అంటే 2 కిలోవాట్ల గీజర్లు ఎనిమిదింటిని ఆ సందులో పగలంతా వేసి ఉంచినట్టు. ఒక యూనిట్ ఊదిన వేడిగాలినే రెండోది పీలుస్తుంది. గుంటూరులోనే బ్రాడీపేటలో ఇలాంటి సందులోనే ఉన్న ఒక మిషను దగ్గర నేను స్వయంగా కొలిచాను. వీధిలో 42 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్యాను పీల్చే గాలి 51 డిగ్రీలు ఉంది.

కండెన్సర్‌లో గ్యాసు ద్రవంగా మారే ఉష్ణోగ్రత, పీల్చే గాలికన్నా 10 నుంచి 15 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అంటే 51 డిగ్రీల గాలి పీలిస్తే 61 నుంచి 66 డిగ్రీలు. కోల్డ్ రూమ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-404ఏ గ్యాసుకు 50 డిగ్రీల దగ్గర ఒత్తిడి సుమారు 320 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 60 డిగ్రీల దగ్గర దాదాపు 400. ఇక 72 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ఆ గ్యాసు ద్రవంగా మారదు. రోహిణీ కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఎండలో మూడడుగుల సందులో మిషనుకు ఎంత వెసులుబాటు మిగులుతుందో మీరే చూడండి.

మేడ మీద పెడితే 40 వేలు అదనం అవుతుందని కాంట్రాక్టర్ అన్నారని రాశారు. ఒక్క కంప్రెసర్ కాలితే దాదాపు అంతే అవుతుంది, సరుకు నష్టం వేరే. కాబట్టి మేడ మీదే పెట్టించండి. అయితే మేడ మీద కూడా ఎక్కడపడితే అక్కడ కుదరదు. పిట్టగోడకు ఆనించి పెడితే అది మరో సందే. చుట్టూ నాలుగడుగుల పిట్టగోడ ఉంటే యూనిట్లను ఇనుప స్టాండు మీదికి ఎత్తించండి, లేకపోతే వేడిగాలి తొట్టిలో నీళ్లలా అక్కడే నిలుస్తుంది. కంపెనీ పుస్తకంలో రాసిన దూరాలే ప్రమాణం. నా అలవాటు మాత్రం గాలి పీల్చే వైపు కనీసం రెండడుగులు, ఊదే వైపు ఆరడుగులు ఖాళీ వదలడం. రెండు యూనిట్లు ఎదురెదురుగా ఊదకూడదు. వేసవిలో మన వైపు వడగాలి పడమటి నుంచి వీస్తుంది కనుక ఫ్యాను ముఖం పడమరకు తిప్పితే ఎదురుగాలి ఆ వేడిని మళ్లీ లోపలికే తోస్తుంది. ఫ్యాను పైకి ఊదే రకమైతే పైన రేకు వేయవద్దు. ఎండ పడుతోందని జాలిపడి కప్పిన రేకు ఎండకన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

బరువు దూలాల మీద పడేలా చూడాలి, అడుగున రబ్బరు ప్యాడ్లు వేయాలి. స్లాబుకు బోల్టుల కోసం రంధ్రాలు కొడితే వానాకాలంలో కింది ఇంట్లో ఉరుస్తుంది, అందుకని కాంక్రీటు దిమ్మ పోయించడం మేలు. మూడంతస్తుల మెట్ల మీద నలుగురు భుజాన మోస్తామంటే ఒప్పుకోకండి. క్రేను గంటసేపు తెప్పిస్తే సరిపోతుంది.

పైపుల పని వివరంగా రాస్తే మీకు ఉపయోగం లేదు గాని, దగ్గరుండి గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. అతుకులు వేసేటప్పుడు పైపులో సన్నగా నైట్రోజన్ పారుతూ ఉండాలి, లేకపోతే లోపల నల్లని పొట్టు కట్టి తరువాత వాల్వుల్లో ఇరుక్కుంటుంది. యూనిట్ పైన, గది కింద కాబట్టి నూనె తిరిగి పైకి చేరడానికి నిలువు పైపు అడుగున నూనె పోగయ్యే ట్రాప్ వంపు ఉండాలి. లీకు పరీక్ష రెగ్యులేటర్ బిగించిన నైట్రోజన్ సిలిండరుతోనే చేయాలి. నైట్రోజన్ అయిపోయిందని పక్కనున్న ఆక్సిజన్ సిలిండరు తగిలించే వారిని చూశాను. కంప్రెసర్ నూనెకు ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ తగిలితే అది పేలుతుంది. అలాంటి ప్రయత్నం కనిపిస్తే ఆ క్షణమే పని ఆపించండి, మొహమాటపడకండి.

తరువాత వాక్యూమ్, అంటే పైపుల్లోని గాలిని బయటికి లాగేయడం. పంపు తగిలించి 500 మైక్రాన్ల (పైపులో మిగిలిన ఒత్తిడికి కొలత) దాకా లాగి, పంపు ఆపాక ఆ అంకె నిలబడుతోందో లేదో చూడాలి. కొందరు కాస్త గ్యాసు వదిలి గాలిని తోసేశామంటారు. ఆ పైపుల్లో మిగిలిన గాలి కండెన్సర్‌లో చేరి ద్రవం కాకుండా చోటు ఆక్రమిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, మే నెల మధ్యాహ్నం మళ్లీ అదే ట్రిప్. గ్యాసు ఎక్కువ నింపినా అంతే. ఎన్ని కిలోలు నింపారో తూకం వేసి యూనిట్ మీద రాయమనండి.

పాత మిషనులో ఉన్నది ఆర్-22 అనే గ్యాసు అయితే ఒక హెచ్చరిక. గ్యాసు ఉన్న పైపుకు మంట తగిలిస్తే ఫాస్జీన్ వంటి విషవాయువులు పుడతాయి. గ్యాసును సిలిండరులోకి తీసి, పైపు ఖాళీ చేశాకే అతుకు వేయాలి. ద్రవరూపంలో అది చేతి మీద పడినా చర్మం గడ్డకడుతుంది, ఎందుకంటే సున్నాకు 40 డిగ్రీల దిగువనే మరుగుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా పని మొదలుపెట్టేవారిని నేను నా బృందంలో ఉంచుకోను.

కరెంటు విషయంలో నేను ఒకటే పట్టుబడతాను. యూనిట్ పక్కనే, మేడ మీదే, తాళం వేయడానికి వీలున్న, కరెంటును పూర్తిగా విడదీసే ఐసోలేటర్ స్విచ్ ఉండాలి. నా కుడిచేతి చూపుడువేలి మీద ఒక పొడవాటి మచ్చ ఉంది. ఒక హోటల్లో కింద మెయిన్ ఆపి పైకి వెళ్లి ఫ్యాను దగ్గర చేయి పెట్టాను. గది వేడెక్కుతోందని కింద ఒక కుర్రవాడు స్విచ్ వేశాడు. అతని తప్పు లేదు, పైన మనిషి ఉన్నాడని అతనికి ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే మూత తెరుస్తున్నాను. ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, అది పోయాకే ముట్టుకోవాలి. త్రీ ఫేజ్ యూనిట్ కాబట్టి ఇనుప చట్రానికి రెండు వేర్వేరు ఎర్తులు ఉండాలి. స్క్రోల్ రకం కంప్రెసర్ ఫేజులు తారుమారైతే వెనక్కి తిరిగి చెడిపోతుంది, కనుక అలా అయినప్పుడు మిషనును ఆపే ఫేజ్ రక్షణ రిలే పెట్టించండి. మొదటిసారి నడిపే ముందు కంప్రెసర్ అడుగున ఉండే హీటర్‌కు ముందురోజే కరెంటు ఇచ్చి ఉంచాలి.

ఇక నిర్వహణ. గుంటూరులో ఇది విజయవాడకన్నా కష్టం, కారణం మిర్చి, పత్తి. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డుకు సరుకు వచ్చే రోజుల్లో, కారం మిల్లులకు దగ్గరగా ఉన్న యూనిట్ల ఫిన్స్ (కండెన్సర్ గొట్టాల మీది పలుచని రేకులు) మధ్య ఎర్రని పొర కడుతుంది. జిన్నింగు మిల్లుల వైపు పత్తి పీచు దుప్పటిలా అతుక్కుంటుంది. ఆ నాలుగు నెలలూ నెలకొకసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకొకసారి కాయిల్, అంటే ఆ కండెన్సర్ చుట్ట, కడగండి. కారం పట్టిన కాయిల్‌ను పొడిగా బ్రష్‌తో ఎప్పుడూ గీకవద్దు. మొదటిసారి నేనలా చేసి రోజంతా కళ్లు తెరవలేకపోయాను. ముఖానికి మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, ముందు నీళ్లతో తడిపి, ఆ తరువాత కడగాలి. నీళ్లు లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి, గాలి పీల్చే దిశకు ఎదురుగా. బయటి నుంచి కొడితే మురికి ఇంకా లోపలికి దిగుతుంది. బైకులు కడిగే సర్వీసింగ్ పంపు వాడితే ఫిన్స్ అన్నీ మడతపడతాయి. యాసిడ్ వద్దు. వేసవిలో రోజంతా బోరునీళ్లు చల్లించేవారూ ఉన్నారు. ఆ నీటిలోని ఉప్పులు తెల్లని పొరగా పేరుకుని రెండు మూడేళ్లలో కాయిల్‌ను మూసేస్తాయి. తడి గోనెసంచులు కప్పడం అంతకన్నా చెరుపు, గాలే ఆగిపోతుంది.

ఇవన్నీ ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. మే నెలలో మధ్యాహ్నం మేడ మీదికి ఒక్క మనిషిని పంపవద్దు. వడదెబ్బ తగిలినా, అంచు మీద కాలు జారినా పక్కన ఇంకొకరు ఉండాలి.

మేడ కుదరక నేల మీదే పెట్టవలసి వస్తే ఎత్తు గురించి ఆలోచించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో అడుగు దిమ్మ మీద నేను బిగించిన రెండు యూనిట్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నీళ్లు తీశాక యజమాని స్విచ్ వేయబోతుంటే ఫోనులోనే ఆపాను. మునిగిన మిషనుకు మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ పరీక్ష (వైర్ల నుంచి కరెంటు బయటికి పాకుతోందా అన్న పరీక్ష) చేయకుండా కరెంటు ఇవ్వకూడదు. కంప్రెసర్లు సీలు చేసినవి కనుక దక్కాయి, ఫ్యాను మోటార్లూ, కరెంటు కలిపి తీసే కాంటాక్టర్ స్విచ్‌లూ పోయాయి.

పాత మిషను మాట మళ్లీ. వైరు తీయించాక అది ట్రిప్ అయితే కంగారుపడకండి. కాయిల్ కడిగించి, దాని చుట్టూ పేర్చిన అట్టపెట్టెలు, డబ్బాలు తీయించి, ఫ్యాను సరైన వేగంతో తిరుగుతోందో చూడమనండి. వేడి సరుకును సాయంత్రం చల్లారాకే లోపల పెట్టండి. అప్పటికీ ఆగిపోతుంటే గేజి పెట్టి ఒత్తిడి చూడగల మనిషిని పిలవండి.

కొత్త మేడ మీద వాటర్ ట్యాంకుకూ తూర్పు పిట్టగోడకూ మధ్య ఎన్ని అడుగులు ఉందో, పిట్టగోడ ఎత్తు ఎంతో కొలిచి ఇక్కడ రాయండి. యూనిట్లు ఏ వైపు తిప్పాలో చెబుతాను. పాత మిషను వైరు తీయించారో లేదో అది కూడా రాయండి.