ఉద్యోగం వచ్చి విడిగా ఉంటున్నాక, మన పేరుతో గ్రీటింగ్ కార్డులు పంపడం మొదలుపెట్టొచ్చా?

కొత్తగా ఉద్యోగంలో చేరి రూములో ఉంటున్నాననీ, న్యూ ఇయర్‌కీ సంక్రాంతికీ నాన్నగారి పేరుతో కాకుండా మీ పేరుతోనే కార్డులు పంపాలనుందనీ, వాట్సాప్ రోజుల్లో ఇదేంటని నవ్వుతారేమోననీ అడిగారు. నవ్వుతారు. అయినా పంపండి. నేను 2018 నుంచి పంపుతున్నాను, మొదటి ఏడాది బాగానే నవ్వారు.

మా నాన్నది స్టీల్‌ప్లాంట్ ఉద్యోగం. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను. మా వీధిలోనే బెంగాలీలు, ఒడియావాళ్లు, మలయాళీలు, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. డిసెంబరు ఆఖర్లో హాల్లో కిటికీ ఊచ నుంచి ఎదుటి గోడ మేకు దాకా పురికొస కట్టి, వచ్చిన కార్డులన్నీ దానిమీద బట్టలారేసినట్టు వేసేవాళ్లం. ఫ్యాన్ వేస్తే అన్నీ ఊగేవి, రెండు మూడు రాలిపడేవి, తీసి వేయడం నా డ్యూటీ. ప్రతి కార్డులోనూ నాన్న పేరు, పక్కన ‘అండ్ ఫ్యామిలీ’. అమ్మ, నేను, తమ్ముడు, నాయనమ్మ అందరం ఆ రెండు ముక్కల్లోనే సర్దుకునేవాళ్లం.

చదువైపోయి పరవాడలో ఒక ఫార్మా ల్యాబ్‌లో చేరాక గాజువాకలో మరో ఇద్దరమ్మాయిలతో రూము తీసుకున్నాను. డాబాగార్డెన్స్‌లో పది కార్డుల ప్యాకెట్ కొని, పెన్ను పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, నాకొచ్చిన అడ్రస్‌లు రెండేనని. ఒకటి మా ఇల్లు, రెండోది విజయనగరంలో మా పిన్నిది. రోజూ అర్ధరాత్రి దాకా చాటింగ్ చేసే స్నేహితురాలు మధురవాడలో ఏ వీధిలో ఉంటుందో తెలీదు. లొకేషన్ పెడుతుంది, బండేసుకుని వెళ్లిపోతాం, డోరు నంబరుతో పనేముంది? అందులోనూ మన వైజాగ్ డోరు నంబర్లు మాటా! అంకెలూ అడ్డగీతలూ అయ్యాక చివర్లో ఒక ‘బై’ కూడా. కార్డులతో వచ్చే అసలు పని ఈ అడ్రస్‌లు పోగేసుకోవడమే అంటాను. సర్‌ప్రైజ్ పోతుందని మొహమాటపడకుండా అడిగేయండి. పిన్‌కోడ్ కూడా వాళ్లనే అడగండి. మనకి 530 చూసి చూసి చెయ్యి దానంతటదే అదే రాసేస్తుంది, విజయనగరం 535తో మొదలవుతుంది.

మిగతా కార్డుల కోసం నాన్న పాత డైరీ తీశాను. అందులో మా పక్క క్వార్టర్ బెంగాలీ అంకుల్ అడ్రస్ దొరికింది. రిటైరై దుర్గాపూర్ వెళ్లిపోయారు. ‘నేను ఫలానావారి అమ్మాయిని, మీ ఇంట్లో సరస్వతీపూజకి కిచిడీ తినేదాన్ని, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను’ అని నాలుగు లైన్లు రాసి పంపాను. జనవరి అయిపోయింది, నేనూ మర్చిపోయాను. ఫిబ్రవరిలో రూముకి ఒక కవరు వచ్చింది. పైన నా ఒక్కదాని పేరు. బ్యాంకువాళ్లు పంపిన ఏటీఎం కార్డు తప్ప అంతవరకూ నా పేరుతో పోస్టులో ఏదీ రాలేదు. లోపల డాల్ఫిన్స్ నోస్ బొమ్మ ఉన్న పాత వైజాగ్ కార్డు, అంచులు పసుపెక్కి ఉన్నాయి. ఇక్కడున్నప్పుడు కొని వాడకుండా దాచుకున్నదట. వంకర అక్షరాలతో, ఇది పంపడానికి వైజాగ్‌లో ఎవరైనా మిగిలారా అనుకుంటున్నానమ్మా, అని రాశారు. రూమ్మేట్లు ఆ తర్వాత నవ్వలేదు. ఒకమ్మాయి మిగిలిన కార్డుల్లో రెండు అడిగి తీసుకుంది కూడా.

అందుకే నేనైతే ముందు పెద్దవాళ్లకి పంపమంటాను. స్నేహితులు ఫోటో తీసి స్టేటస్ పెడతారు, పెద్దవాళ్లు బీరువాలో పెడతారు. తిరిగి కార్డు వస్తుందని మాత్రం లెక్కలేసుకోకండి, పదింటికి ఒకటొస్తే గొప్పే.

నేను చేసిన వెధవపని కూడా చెప్తాను. రెండో ఏడాది ఉత్సాహమెక్కువై, చార్టు పేపరు మడిచి, బీచ్ ఫోటో అంటించి, మధ్యలో ఏటికొప్పాక లక్కపూస ఒకటి కుట్టి పిన్నికి పంపాను. ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు, ఆ పైన ప్రతి 20 గ్రాములకీ మరో 5. నేను తూచకుండా ఒక్కటే అంటించాను. స్టాంపు తక్కువైతే లోటుకి రెట్టింపు తీసుకున్నవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. పోస్ట్‌మ్యాన్ పిన్ని దగ్గర పది రూపాయలు తీసుకున్నాడు. ‘నీ శుభాకాంక్షలు కొనుక్కున్నానే’ అని ఇప్పటికీ ప్రతి పెళ్లిలో నలుగురి ముందూ చెప్తుంది. పూసలూ గవ్వలూ పెడితే కౌంటర్ దగ్గర తూయించండి.

ఇంకో సంగతి, ఇది సముద్రం పక్కనున్నవాళ్లకే. కవర్లు ముందుగా కొని కట్టగా పెట్టారంటే మన ఉప్పుగాలి తేమకి గమ్ము తనంతట తనే అతుక్కుపోతుంది. నాకు ఒకేసారి ఏడు కవర్లు పోయాయి. మూత మడతల మధ్య చిన్న కాగితం ముక్కలు పెట్టి జిప్ కవర్లో వేసుకోండి. అడ్రస్ బాల్‌పెన్నుతోనే రాయండి, జెల్ పెన్ను ఇంకు అలుక్కుంటుంది.

టైము లేదంటారా? 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, వచ్చిన ఉత్తరాలన్నింటికీ జవాబు రాసే తీరిక లేకే, బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చు కొట్టించాడు. క్రిస్మస్ కార్డుల వ్యాపారం అక్కడ మొదలైంది. అంటే ఇది తీరికలేనివాళ్లు కనిపెట్టిన పనే. కాకపోతే అచ్చుమాటల కింద సంతకం గీసి పంపితే బ్యాంకు క్యాలెండర్‌లా ఉంటుంది, వాళ్లకే సంబంధించిన ముక్క ఒకటి రాయండి. పేరు చెరిపి ఇంకొకళ్లకి పంపినా సరిపోయేలా ఉంటే మళ్లీ రాయండి.

నేను డిసెంబరు 15 లోపల డబ్బాలో వేసేస్తాను, క్రిస్మస్ చేసుకునేవాళ్లవి ఇంకాస్త ముందు. ఆలస్యమైతే ‘నూతన సంవత్సర’ కొట్టేసి ‘సంక్రాంతి’ అని రాసేయండి. కనుమ దాకా చెల్లుతుందని మా అమ్మ తీర్పు. ఒక ఏడాది ముక్కనుమ నాడు అందిన కార్డుక్కూడా ఆవిడే మినహాయింపు ఇచ్చింది, అది నేను పంపిందే కాబట్టి.